సగంలో ఆగే అద్దం

పిల్లలూ, సొట్ట పడిన డోరును మీరిప్పుడు ఏం చేస్తారో నాకు తెలుసు. ఫోనులో ఫొటో తీస్తారు, కంపెనీకి పంపిస్తారు, నాలుగు రోజులకు అట్టపెట్టెలో కొత్త డోరు వస్తుంది. పాతది పీకి కొత్తది బిగిస్తారు. దీని కోసం మీరు ఐటీఐ చదివారు, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. నేను తప్పు పట్టడం లేదు. పార్సిల్ విప్పడం కూడా ఒక విద్యే.

నేను మాత్రం సుత్తెతో బతికినవాణ్ణి. పొద్దున కోరుట్లలో బస్సెక్కి జగిత్యాలలో దిగి, ఒకే షెడ్డులో, ఒకే సేటు దగ్గర, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి జుట్టే లేకుండా పోయేదాకా డెంటింగ్ పని చేశాను. రేకు వెనకాల ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తెతో కొడుతూ సొట్టను సాపు చేయడం నా పని. ఆ పని చేసి చేసి నాకొక రోగం పట్టుకుంది. సొట్ట కనబడితే చేయి ఊరుకోదు. పెళ్లిళ్లకు వెళ్తే వధూవరులను చూసేవాణ్ణి కాదు, వంట దగ్గరి గుండిగలను చూసేవాణ్ణి. వియ్యంకుల ఇంట్లో అడగకుండా బిందె బాగు చేసినప్పటి నుంచి మా ఆవిడ నన్ను చుట్టాలిళ్లకు తీసుకెళ్లడం మానేసింది.

ఈ రోగం వల్ల రిటైర్ కావడానికి కొంచెం ముందు ఒక ఘనకార్యం చేశాను. దాన్ని చెప్పడానికే ఈ సోదంతా.

నాకొక అంబాసిడర్ ఉంది. ఏదో ఆఫీసు వాళ్లు వేలం వేస్తే పాడుకున్నాను. టాపు మీద ఎర్రలైటు కోసం వేసిన బొక్క ఉంది. అధికారి దిగిపోయాడు, లైటు పోయింది, బొక్క మాత్రం మిగిలింది. వాన వస్తే నీళ్లు సరిగ్గా డ్రైవరు నెత్తి మీద పడతాయి. "ఊరందరి సొట్టలు తీస్తవు, నీ బండి బొక్క పూడ్వవేంది ఉస్తాద్?" అని మా షెడ్డు పెయింటర్ అడిగేవాడు. అది సర్కారు ముద్ర, చెరపకూడదు అని చెప్పేవాణ్ణి. నిజానికి టాపు దించాలంటే బద్ధకం.

ఇలాంటి నాకు, ఇలాంటి పిచ్చివాడే ఇంకొకడు దొరికాడు. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే మాస్టర్. నాకంటే ఆరేడేళ్లు చిన్న. నీలం రంగు అంబాసిడర్ తీసుకుని, అడుగు రేకు తుప్పు పట్టిందని మా షెడ్డుకు వచ్చాడు. ఏం రంగు కలపాలి అని పెయింటర్ అడిగిందే పాపం.

"నీలమనుకుంటున్నవా అన్నా? నీలం కాదు. మబ్బు పోయినంక ఎండ రాకముందు మొగులు ఎట్లుంటది, గట్ల."

పెయింటర్ డబ్బా మీద మూత పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆ బండి గురించి మాస్టర్ చెప్పే మాట ఇంకొకటి ఉంది. పెట్రోలు పోసేవాడికి చెప్పేవాడు, గాలి కొట్టేవాడికి చెప్పేవాడు, అడగనివాళ్లకు మరీ చెప్పేవాడు. "నేను గీ బండిలనే పుట్టిన." కొందరు ఆసుపత్రిలో పుడతారు, కొందరు ఇంట్లో పుడతారు, ఈయన సెకండ్ గేరులో పుట్టాడు. సిరిసిల్లలో చాలా కాలం కాన్పులు చేసిన ఒక డాక్టరమ్మ కారు అది. ఎల్లంతకుంట వైపు పల్లె నుంచి మాస్టర్ తల్లిని ఆమె తన కారులోనే తీసుకొస్తుంటే దారిలోనే కాన్పయింది.

ఆ డాక్టరమ్మ పని మానేసి హైదరాబాద్ వెళ్లేటప్పుడు కారును మాస్టర్‌కు అప్పగించింది. కాగితాలు మాత్రం తన పేరు మీదే ఉంచుకుంది. ఒక మాట తీసుకుంది. బండిలో ఒక్క సామాను కూడా మారకూడదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి. మాస్టర్ తన నెత్తి మీద చేయి పెట్టుకుని సరేనన్నాడు. ఆ చేయి నెత్తి మీద నుంచి తీసి నేరుగా నా చేతిలో పెట్టాడు.

ఎందుకంటే రెండు అంబాసిడర్లు ఒకచోట చేరితే సామాను ఊరుకోదు. అతని బానెట్ నాకు నచ్చింది, నా ముందు జాలీ అతనికి నచ్చింది. ఒక నియమం పెట్టుకున్నాం. సామానుకు సామాను. పైసల మాట ఎత్తినవాడు గాడిద. కోరుట్లకూ సిరిసిల్లకూ నడుమ వేములవాడ ఉంది కాబట్టి ఆదివారం పూట అక్కడ ఒక లాడ్జి ముందు రెండు బండ్లూ పక్కపక్కన పెట్టి, పానాలు తీసి కూర్చునేవాళ్లం. ఒకసారి మొక్కు కోసం కోడెను పట్టుకుని గుడికి పోతున్న ఒక పెద్దమనిషి ఆగి, నేను నా బంపర్ పీకి మాస్టర్‌కు ఇవ్వడం, మాస్టర్ తన బంపర్ పీకి నాకు ఇవ్వడం శ్రద్ధగా చూశాడు.

"గిదేం మొక్కు తమ్మీ?" అని అడిగాడు.

"బండ్లు బాగుండాలని," అన్నాడు మాస్టర్, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా.

"మా దిక్కు లేదు," అని కోడెను అదిలించుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఇలా బంపర్లు మారాయి, బానెట్లు మారాయి, స్టీరింగులు మారాయి. కొంతకాలానికి నా తెల్ల బండికి నీలం బానెట్, అతని నీలం బండికి తెల్ల బానెట్ వచ్చాయి. దాన్ని సరైన నీలం చేయించడానికి మాస్టర్ మా పెయింటర్‌ను ఎంత ఏడిపించాడో పెయింటర్ చెబితేనే బాగుంటుంది, నేను చెబితే బూతులు తీసేయాల్సి వస్తుంది.

ఇక ఆ డోరు. మాస్టర్ కారు ఎడమవైపు వెనక డోరు అద్దం సగం దాకా దిగి ఆగిపోయేది. ఎంత తిప్పినా అంతే. ఎండాకాలంలో వాళ్లావిడ ఆ బండెక్కనని తెగేసి చెప్పింది.

"నీ డోర్ నాకియ్యన్నా. నాది నువ్ పెట్టుకో. నీకైతే ఎనక ఎవలు కూసుంటరు?" అన్నాడు.

"నా ఎనక ఎవలు కూసోరనే నీ ముచ్చట?"

"వదిన ఎట్లా రాదు గదా."

డోర్లు మార్చుకున్నాం.

మరుసటి రోజు షెడ్డులో ఆ డోరు లోపలి రెక్సిన్ అట్ట విప్పి చూశాను. చూసినవాణ్ణి చూసినట్టే నిలబడ్డాను. లోపలి రేకు ఇంత లోతున గుంట పడి ఉంది. అద్దం దిగే పట్టీ వంగి, ఆ గుంటకు తగిలి ఆగుతోంది. "ఎవడో తాగుబోతు తన్నినట్టుందిరా," అన్నాను పెయింటర్‌తో. ఇన్నేళ్లు ఆ సొట్టను అలాగే ఉంచిన మనుషుల మీద నాకు జాలి కలిగింది. నాలాంటి మనిషి వాళ్లకు దొరకలేదు కదా, అని.

ఆ పని నేను ప్రేమగా చేశాను. రేకును కొంచెం కొంచెంగా సాపు చేశాను. మళ్లీ ఎవడు తన్నినా సొట్ట పడకుండా లోపల అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి వెల్డింగ్ చేశాను. గ్రీసు పెట్టాను. అద్దం వెన్నలో చేయి దిగినట్టు దిగింది. షెడ్డులో అందర్నీ పిలిచి తిప్పి చూపించాను. సేటు కూడా వచ్చి చూశాడు.

"కస్టమర్ బండికి ఇంత పని ఎన్నడన్న చేసినవా?" అన్నాడు. ఆ మాటను నేను మెప్పుగానే తీసుకున్నాను.

మాస్టర్‌కు మాత్రం కడుపు మండింది. "నాకాడ ఉన్నప్పుడు ఎందుకు చెయ్యలే?" అని ఫోనులో తగువు పెట్టుకున్నాడు. "నాకాడికి అచ్చినంకనే అది నా డోర్," అన్నాను.

కొన్నాళ్లకు పొద్దున్నే మళ్లీ ఫోను చేశాడు.

"అన్నా, డాక్టరమ్మ అస్తున్నది."

"రానీ. ఛాయ్ పొయ్యి."

"బండి కోసం అస్తున్నది."

విషయం ఏమిటంటే, డాక్టరమ్మ మేనల్లుడికి హైదరాబాద్ బయట ఒక ఫామ్‌హౌస్ ఉంది. పెళ్లికి ముందు జంటలు అక్కడికి వచ్చి ఫొటోలు దిగుతారు. పాత కారు ఒకటి పెడితే దానికి ఆనుకుని ఇంకా ప్రేమగా దిగుతారని ఆయన ఆలోచన. అత్తను అడిగాడు. ఆమె వచ్చి చూస్తానంది. తను ఇచ్చినట్టే ఉంటే కాగితాలు మాస్టర్ పేరు మీద రాసేస్తుంది, లేకపోతే మేనల్లుడు తోలుకుపోతాడు.

"అన్నా, అమ్మ పోయింది. ఇగ నాకున్నది గా బండే," అన్నాడు.

మాస్టర్ తల్లి బీడీలు చుట్టి కొడుకును పెంచింది. ఈ సంగతి జరగడానికి రెండేళ్ల ముందు పోయింది. నేను ఒకసారి చూశాను. నోట్లో నాలుక లేని మనిషి. మంచినీళ్లు ఇచ్చి, గ్లాసు చప్పుడు కాకుండా తీసుకుని, గోడ పక్క నుంచి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంటి నుంచి బయటికి వచ్చాక ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామన్నా రాలేదు.

అతను అలా అనేసరికి నా వెటకారం మూలన పడింది. "బండి తీసుకుని జగిత్యాలకు రా," అన్నాను.

రెండు బండ్లనూ షెడ్డులో ఎదురెదురుగా పెట్టి పెళ్లిలో పెట్టినదంతా విడాకులలో వెనక్కి తీసుకున్నట్టు తీసుకున్నాం. అందులోనూ తగువే. ఈ పట్టీ నాదంటే నాదని, ఆ నట్టు నీదంటే నీదని. సేటు రెండుసార్లు వచ్చి, "ఇది షెడ్డా, పంచాయితా?" అని అడిగి పోయాడు. పెయింటర్ ఒక్క మాట మాట్లాడకుండా రంగు కలిపాడు. మాస్టర్ దాన్ని వేలితో అద్దుకుని, ఎండలోకి పోయి, నీడలోకి వచ్చి, చివరికి తలూపాడు. అతను మొదటిసారి తలూపడం చూసి పెయింటర్ కంగారుపడ్డాడు, ఏదో తేడా చేశానేమో అని.

ఆఖరున ఎడమ వెనక డోరు బిగించాం. అద్దం పూర్తిగా కిందికి దించాను.

"ఇట్లనే ఉంచుదుమా?" అన్నాడు మాస్టర్.

"పాడైనదాన్ని బాగు చేసి ఇస్తుంటే వద్దనేటోళ్లు ఉంటరా? ముందుగాల ఇదే చూపియ్యి."

డాక్టరమ్మ వచ్చే రోజు నేను కూడా సిరిసిల్ల వెళ్లాను. స్నేహితుడికి తోడుగా అని ఇంట్లో చెప్పాను. మెప్పు కోసం వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

మాస్టర్ ఇల్లున్న వీధిలో మరమగ్గాల చప్పుడు ఎప్పుడూ ఆగదు. ఆ చప్పుడులో నీలం కారు కడిగిన బర్రెలా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. డాక్టరమ్మ కర్ర పట్టుకుని దిగింది. ఎనభై దాటిన మనిషి, వీపు వంగింది గాని చూపు వంగలేదు. మేనల్లుడు దిగుతూనే ఫోను తీసి కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. ఏ మూల నుంచి తీస్తే జంట బాగా వస్తుందో కూడా చూసుకున్నాడు.

ఆమె బానెట్ చూడలేదు. మేం ప్రాణం పెట్టి కలిపించిన రంగు వైపైనా చూడలేదు. నేరుగా ఎడమవైపు వెనక డోరు దగ్గరికి వెళ్లింది. నేను మాస్టర్‌ను మోచేత్తో పొడిచాను, చూశావా అన్నట్టు.

ఎక్కి కూర్చుంది. డోరు వేసుకుంది. హ్యాండిల్ పట్టుకుని అద్దం దించసాగింది. అద్దం సగం దాకా వచ్చింది. ఆమె చేయి అక్కడ ఆగింది. అద్దం ఆగలేదు. ఆమె ఇంకొంచెం తిప్పింది. అది మెత్తగా, నేను పెట్టిన గ్రీసు మీద, అడుగు దాకా దిగిపోయింది.

"ఈ డోర్ నాది కాదు," అంది.

"నీదేనమ్మా. అమ్మ మీద ఒట్టు," అన్నాడు మాస్టర్.

"చచ్చిపోయినామె మీద ఎందుకురా ఒట్టు? నా డోర్ నాకు తెల్వదా?"

"నేను చెప్తలేనా అత్తా," అన్నాడు మేనల్లుడు, నవ్వు దాచుకోకుండా. "వీళ్లు సామాన్లన్నీ అమ్ముకుని ఉంటారు."

ఇక నేనే ముందుకు వచ్చాను. "డోర్ అదేనమ్మా. నేను జగిత్యాలల డెంటింగ్ మిస్త్రీని. లోపల రేకు గుంటపడి అద్దం ఆగుతుంటే బాగు చేసిన. ఎంతమంది చేసినా ఇంత సాపుగ ఎవలు చెయ్యరు."

"నిన్నెవరు చెయ్యమన్నరు?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సొట్ట తీసినవాణ్ణి ఎందుకు తీశావని ఎవరడుగుతారు?

"ఆ గుంట వీళ్లమ్మ తన్నింది," అంది డాక్టరమ్మ.

మగ్గాలు కొట్టుకుంటున్నాయి. మాస్టర్ ఆమె వైపు అర్థం కానట్టు చూశాడు.

"మా అమ్మనా? మా అమ్మ తలుపు గూడ గట్టిగ ఏసేది కాదు."

"నాకు తెల్వదా? పల్లెల బండెక్కిచ్చినప్పటి సంది ఒక్క మాట అనలే. కొంగు నోట్ల కుక్కుకున్నది. ఒర్రు తల్లీ, గట్టిగ కేకెయ్యి, ఒర్రితే అల్కగైతదంటే ఒర్రలే. బిడ్డ అడ్డం తిరిగిండు. నాకప్పుడు చదువు పుస్తకంల ఉన్నది, చేతికి రాలే. లోపల లోపల నేనే ఏడుస్తున్న. గప్పుడు గీ డోర్‌కు కాలు పెట్టి ఒక్క తన్ను తన్నింది. డ్రైవర్ టైర్ పేలిందనుకున్నడు. వీడు బయటపడ్డడు."

హ్యాండిల్ మీద చేయి అలాగే ఉంచి చెప్పింది.

"ప్రతి డ్రైవర్ బాగు చేయిస్తనన్నడు. వద్దన్న. కష్టమైన కాన్పుకు పోయేటప్పుడు ఈడ కూసుని అద్దం దించేదాన్ని. సగంల ఆగేది. సరే, గామె చేసింది, గీమె గూడ చేస్తదని ధైర్యం అచ్చేది. ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నది దేనికనుకున్నవ్‌రా, బంపర్ కోసమా?"

'ఎవడో తాగుబోతు' అన్న నా మాటే చెవిలో తిరిగింది. పెయింటర్ అక్కడ లేనందుకు సంతోషించాను.

మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మరి ఇప్పుడు బండి అత్తా..."

"ఆగు," అంది. దిగి, కర్రతో మాస్టర్‌కు చూపించింది. "ఎక్కు. పండుకో. తన్ను."

"అమ్మా..."

"నువ్వు పోగొట్టినవ్, నువ్వే తే."

యాభై దాటిన రంగుల మాస్టర్, నాలుగు వీధుల్లో పరువున్న మనిషి, సీటు మీద వెల్లకిలా పడుకుని డోరును తన్నాడు. ఏమీ కాలేదు. మళ్లీ తన్నాడు. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? ఎవడు తన్నినా సొట్ట పడకూడదని పట్టీ వెల్డింగ్ చేసిన మహానుభావుణ్ణి నేను పక్కనే ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాను. మాస్టర్ పళ్లు బిగించి తన్నుతూనే ఉన్నాడు. చెప్పు తెగింది. నడుం పట్టేసింది. మగ్గాల దగ్గరి నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి చూస్తున్నారు.

"మీ అమ్మ ఒక్కసారే తన్నింది," అంది డాక్టరమ్మ.

అతను తన్నడం ఆపాడు. అలాగే పడుకుని, టాపు వైపు చూస్తూ ఏడ్చాడు. రెండేళ్ల కింద తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని తర్వాత వాళ్లావిడ చెప్పింది.

చూడలేక నా బండిలోంచి సుత్తె తెచ్చాను. రెక్సిన్ అట్ట విప్పి, పట్టీ కోసి, గుంట ఎంత లోతు ఉండేదో నా చేతికి గుర్తుంది, అంతే కొడతాను అన్నాను. సుత్తె ఎత్తాను. మాస్టర్ లేచి నా చేయి పట్టుకున్నాడు.

"వద్దన్నా. నువ్ కొడ్తే అది నువ్ కొట్టిందే అయితది."

డాక్టరమ్మ అతని ముఖం చూసింది. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. "నీ ఫొటోలకు వేరే బండి చూసుకో. ఇది వీనిది. తన్నుడు చాతకాదు గని, పుట్టింది వీడే గదా."

కాగితాలు మారాయి. డాక్టరమ్మ మళ్లీ సిరిసిల్ల రాలేదు. నేను ఆ తర్వాత కొన్నాళ్లకే సుత్తె సేటుకు అప్పగించి వచ్చేశాను. భుజం నొప్పి అని చెప్పాను, అందరూ నమ్మారు.

పిల్లలూ, మీకు నీతులు చెప్పడానికి నాకు అర్హత లేదు. మీరెలాగూ సొట్టలు తీయరు కాబట్టి అవసరమూ లేదు. నాకిప్పుడు ఎక్కడన్నా సొట్ట కనబడితే చేయి జేబులో పెట్టుకుంటాను.

అప్పుడప్పుడు మాస్టర్ కోరుట్ల వచ్చి నన్ను వేములవాడకు తీసుకెళ్తాడు. డ్రైవింగ్ కొడుక్కు ఇచ్చి మేమిద్దరం వెనక కూర్చుంటాం. ఎడమ పక్క తనే కూర్చుంటాడు. చైత్రం ఎండలో కారు పెనంలా కాలుతుంటుంది. అద్దం నా పనితనం వల్ల ఇప్పటికీ వెన్నలా అడుగు దాకా దిగుతుంది. అతను దాన్ని సగం దాకా దించి చేయి ఆపేస్తాడు. నేను చెమట తుడుచుకుంటాను గాని, ఇంకొంచెం దించమని అడగను.